పట్నంలో చలికాలం: పాలమూరు, నల్గొండ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మగారిల్లు నల్గొండ దగ్గర ఒక పల్లె, అత్తగారిది పాలమూరు, అంటే మహబూబ్‌నగర్. పెళ్ళయినప్పటి నుంచి హైదరాబాద్ పట్నంలోనే, వనస్థలిపురం వైపు ఉంటున్నాం. కార్తీకం దాటిందంటే చాలు, చుట్టాలు, కొత్తగా ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు, మా బిల్డింగ్ వాళ్ళు నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. నాకు చలికాలమంటే ప్రాణం. అందుకే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను.

మన దగ్గర నిజంగా భయపడేంత చలి ఉంటుందా?

ఉండదు. డిసెంబర్, జనవరి నెలల్లో హైదరాబాద్, నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో మామూలుగా పగలు 28, 29 డిగ్రీల దాకా ఎక్కుతుంది, తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఉత్తరం నుంచి చలిగాలులు బలంగా వీచిన రోజుల్లో రాజేంద్రనగర్, పటాన్‌చెరు లాంటి శివార్లలో 10 కంటే కిందికి పోతుంది. ఆదిలాబాద్ వాళ్ళు చూసే చలి ముందు ఇదేం లెక్క కాదు.

నల్గొండలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలు కొడుతుంది. పొద్దున పది దాటితే గడప దాటలేం. మిట్టమధ్యాహ్నం హాయిగా బయట కూర్చోగలిగే రోజులు మనకు ఏడాదిలో రెండున్నర నెలలు మాత్రమే. వాటిని తలుపులు మూసుకుని గడిపేయడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

ఊళ్ళో అదే చలి హాయిగా ఉండేది. ఇక్కడెందుకు చిరాకు పెడుతుంది?

నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే. నేనూ మొదటి రెండేళ్ళు ఇదే మాట అనుకుని ఏడ్చినదాన్ని.

ఊళ్ళో రోజు ఎలా గడిచేదో గుర్తు చేసుకోండి. పొద్దున లేవగానే వాకిట్లో చలిమంట. నాలుగు కంది కట్టెలు, ఎండిన మక్క బెండ్లు వేస్తే పక్కింటివాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. పొద్దు కొంచెం పైకి రాగానే అందరూ ఎండవైపు గోడకు చేరేవాళ్ళు. స్నానం తొమ్మిదింటికి, ఎండలో. ఆ తర్వాత పగలంతా చేన్లోనే. పొద్దుగూకాక చలి మొదలయ్యేసరికి అన్నం తిని బొంతలో ఉండేవాళ్ళం. అంటే రోజులో వెచ్చటి సగం బయట గడిచేది, చల్లటి సగం ఇంట్లో గడిచేది.

పట్నంలో ఇది తలకిందులైంది. ఆరున్నరకు స్నానం, ఏడున్నరకు బండి మీద ఎదురుగాలి. వెచ్చగా ఉండే పగలంతా ఏసీ ఆఫీసులో. బయటికి వచ్చేసరికి చీకటి, మళ్ళీ బండి, మళ్ళీ గాలి. చలి మొత్తం మన వాటాకు వచ్చింది, ఎండ మొత్తం పోయింది. ఊరి చలి, పట్నం చలి వేరు కాదు. ఇక్కడ మనకు ఎండ దొరకడం లేదు, అంతే. దాన్ని వెతుక్కుంటే సగం చిరాకు పోతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఎండ ఎక్కడి నుంచి వస్తుంది?

దక్షిణం వైపు నుంచి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరిగి ఉంటాడు. డిసెంబర్ మూడో వారంలో మన దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు, ఆకాశంలో సగం ఎత్తు దాటి కొంచెం పైన ఉంటాడు, అంతే. అందుకే దక్షిణపు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా గది లోపలి దాకా వస్తుంది. వేసవిలో ఆ కిటికీకి ఇంత ఎండ రాదు. మనలో చాలామంది వాస్తు భయంతో దక్షిణం తలుపులు, కిటికీలు ఏడాదంతా మూసే ఉంచుతారు. కనీసం ఈ రెండు నెలలు పరదాలు తీసి, ఒక కుర్చీ అక్కడ వేసుకోండి. మా అత్తమ్మ మా ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఆమె బియ్యం ఏరడం, కూరగాయలు తరగడం అన్నీ ఆ కిటికీ దగ్గరే.

తూర్పు బాల్కనీ ఉంటే పొద్దున టీ అక్కడే తాగండి. ఏదీ లేకపోతే టెర్రస్ ఉంది. బిల్డింగ్ వాళ్ళు తాళం వేస్తే అడిగి తీయించండి. మా బిల్డింగ్‌లో నలుగురు ఆడవాళ్ళం అడిగితే తీశారు. ఇప్పుడు ఆదివారం పదకొండింటికి అక్కడ చాపలు పడతాయి. పిల్లల తలలకు నూనె పెట్టడం, పల్లికాయలు ఒలవడం, బొంతలు ఎండలో వేయడం అన్నీ అక్కడే.

ఆఫీసు వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. అన్నం తిన్నాక ఇరవై నిమిషాలు బయట నడవండి. విటమిన్ డి కోసం అయినా పొద్దున ఏడింటి లేత ఎండ కంటే పది నుంచి మూడు మధ్య ఎండే ఎక్కువ పని చేస్తుంది. ఆ విటమిన్ తయారు కావడానికి కావలసిన కిరణాలు సూర్యుడు పైకి వచ్చినప్పుడే నేల దాకా ఎక్కువగా చేరతాయి. కిటికీ అద్దం వాటిని ఆపేస్తుంది కాబట్టి అద్దం వెనక కూర్చుంటే వెచ్చదనం దొరుకుతుంది కానీ విటమిన్ దొరకదు.

తొందరగా చీకటి పడుతుంటే దిగులుగా ఉంటుంది. ఏం చేయాలి?

మన దగ్గర అతి చిన్న పగలు సుమారు 11 గంటలు, అతి పెద్ద పగలు సుమారు 13 గంటలు. తేడా రెండు గంటలే. నవంబర్ చివర్లో పొద్దు తొందరగా, ఐదూ నలభై దగ్గర గూకుతుంది. డిసెంబర్ మధ్య నుంచే సాయంత్రాలు మెల్లగా సాగడం మొదలవుతుంది. పొద్దు పొడవడం మాత్రం జనవరిలో ఇంకా ఆలస్యమవుతుంది, అందుకే సంక్రాంతి రోజుల్లో లేవడానికి బద్ధకం. కాబట్టి పొద్దున చీకట్లో లేచి మనసును కష్టపెట్టుకోకండి. కుదిరితే అరగంట ఆలస్యంగా లేచి, సాయంత్రం ఐదింటికి పది నిమిషాలు బయటికి వచ్చి ఆ వెలుగు చూడండి.

ఆ చీకటికీ ఒక అందం ఉంది. చలికాలపు ఆకాశం చాలా తేటగా ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి టెర్రస్ ఎక్కి తూర్పుకు చూస్తే గుంపుగా చిన్న చుక్కలు కనబడతాయి, అవి పిల్లలకోడి. దానికి బాగా కిందుగా వరసలో మూడు చుక్కలు, అది గొల్లకావడి. మా తాత వాటిని చూసి రాత్రి ఎంతైందో చెప్పేవాడు. మా పిల్లలకు నేను నేర్పాను, వాళ్ళు వాళ్ళ స్నేహితులకు నేర్పారు.

కానీ రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, నిద్ర, ఆకలి చెడిపోతే దాన్ని చలి మీద నెట్టేయకండి. డాక్టర్‌ను కలవండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

బండి మీద పోయేవాళ్ళు ఏం వేసుకోవాలి?

స్వెటర్ ఒక్కటే వేసుకుంటే దాని సందుల్లోంచి గాలి దూరిపోతుంది. లోపల బనియన్, దానిపైన పల్చటి స్వెటర్, పైన గాలి చొరబడని జాకెట్. చేతులకు గ్లౌజులు, చెవులకు మఫ్లర్. బండి దిగాక ఒక్కొక్కటీ విప్పేయవచ్చు, ఎందుకంటే పదకొండింటికల్లా చెమట పడుతుంది.

ఇంట్లో కప్పుకోవడానికి మాత్రం నేను గొంగడినే చెబుతాను. మన కురుమలు దక్కని జాతి నల్ల గొర్రెల ఉన్నితో నేసిన అసలు గొంగడి మొదట్లో గుచ్చుకుంటుంది. లోపల ఒక చద్దరు వేసుకుంటే ఆ బాధ ఉండదు. ఏళ్ళకేళ్ళు మన్నుతుంది. ఇప్పుడు నేసేవాళ్ళు తగ్గిపోయారు, ఆ ఉన్నికి ధర రాక గొర్రెల కాపరులు దాన్ని పారేస్తున్నారు. ఊరికి పోయినప్పుడు నేసేవాళ్ళ దగ్గరే కొనండి, బేరం ఆడకండి. ఇక అమ్మమ్మల పాత చీరలతో కుట్టిన బొంత మీ ఇంట్లో ఉంటే, అది పట్నానికి తెచ్చుకోవలసిన మొదటి వస్తువు.

ఈ కాలంలో ఏం తినాలి?

అబ్బ, ఇది అడిగితే నాకు ఆపడం కష్టం.

అన్నిటికంటే ముందు అనపకాయలు, అంటే చిక్కుడు జాతి కాయలు. పాలమూరు వాళ్ళకు చలికాలమంటే అనపకాయే. కాయలు ఉప్పు వేసి ఉడకబెట్టి, గంపెడు మధ్యలో పెట్టుకుని ఒలుచుకు తినడం. గింజలతో కూర చేసి వేడి జొన్నరొట్టెతో తింటే ఆ రాత్రి ఇంకేం వద్దు. మెహదీపట్నం, సరూర్‌నగర్ రైతు బజార్లలో డిసెంబర్‌లో దొరుకుతాయి, కానీ పొద్దున్నే పోవాలి. పచ్చి కందికాయలు కూడా అంతే, ఉడకబెట్టుకుని తినాలి. బొబ్బర్లతో, అంటే అలసందలతో, గుడాలు వండి పైన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పోపు వేస్తే పిల్లలకు సాయంత్రం తిండి అయిపోతుంది.

పల్లికాయ సంగతి చెప్పాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు యాసంగిలో పల్లి బాగా వేస్తారు. జనవరి నుంచి కొత్త కాయ వస్తుంది. పచ్చికాయ ఉడకబెట్టుకోవచ్చు, కాల్చుకోవచ్చు. చేను పక్కన మంటలో కాల్చిన రుచి గ్యాస్ పొయ్యి మీద రాదు, కానీ పాత ఇనుప మూకుట్లో ఇసుకతో వేయిస్తే దగ్గరికి వస్తుంది. చేన్లో లేత జొన్న కంకులు కాల్చి నలుపుకుని తినే ఊచబియ్యం మాత్రం పట్నంలో నాకెక్కడా దొరకలేదు. దాని కోసం ఊరికే పోవాలి.

సంక్రాంతి ముందు సకినాలు, నువ్వుల లడ్డూలు, నువ్వులద్దిన సజ్జ రొట్టె. నువ్వులు, బెల్లం, నెయ్యి ఈ చలికి ఒంటికి పట్టేవి. సకినాలకు పిండి తడి ఆరకముందే చుట్టాలి కాబట్టి ఒక్కరి వల్ల కాదు. నలుగురిని పిలవండి. మా ఫ్లోర్‌లో నాలుగు ఇళ్ళవాళ్ళం ఒక రోజు ఒకరింట్లో, మరో రోజు ఇంకొకరింట్లో చుడతాం. పక్కింటివాళ్ళ పేరు కూడా తెలియని పట్నంలో మేము దగ్గరైంది అలాగే.

రేగుపండ్లు, జామకాయలు బండి మీద కనబడితే వదలకండి. దాహం వేయకపోయినా నీళ్ళు తాగడం మరవకండి.

మార్నింగ్ వాక్ ఎన్ని గంటలకు?

పొద్దు పొడిచి గంట దాటాక. తెల్లవారుజామున కనబడేదంతా మంచు కాదు, అందులో పొగ కూడా ఉంటుంది. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువుగా కిందే ఉండిపోతుంది. దానిపైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. బండ్ల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, దుమ్ము అన్నీ ఆ మూత కిందే చిక్కుకుంటాయి. ఎండ పడి నేల వేడెక్కాక గాలి కదిలి అవి చెదిరిపోతాయి. ఆస్తమా ఉన్నవాళ్ళు ఇది తప్పక పాటించాలి. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ళు కూడా తెల్లవారుజాము చలిలో బయటికి పోవద్దు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. మా మామయ్యకు నేను ఎనిమిదింటి దాకా తలుపు తీయను.

గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చా?

వద్దు. దండం పెట్టి చెబుతున్నాను, వద్దు. మేము పట్నం వచ్చిన మొదటి చలికాలంలో ఒక రాత్రి కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు, కిటికీలు మూసి పడుకున్నాం. నడిరాత్రి బాబు వాంతి చేసుకుంటే లేచాను, నా తల పగిలిపోతోంది, కాళ్ళు నిలవడం లేదు. మా ఆయన తలుపు తీయడంతో బతికాం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఊళ్ళో మంట వాకిట్లో ఉండేది కాబట్టి మనకు ఈ భయం తెలియలేదు. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్‌తోనూ ఇదే ప్రమాదం. బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ ఉంటే స్విచ్ ఆపి, ప్లగ్ తీసాకే నీళ్ళలో చేయి పెట్టాలి.

ఒళ్ళు పగలకుండా ఏం చేయాలి?

స్నానానికి ముందు నువ్వుల నూనె, మరీ వేడిగా లేని నీళ్ళు, ఒళ్ళు తడి ఉండగానే వ్యాసెలీనో కొబ్బరినూనో. అంతే. కొబ్బరినూనె గడ్డకడితే సీసాను కాసేపు ఎండలో పెట్టండి.

సాయంత్రాలు పట్నంలో ఎక్కడికి పోవచ్చు?

నుమాయిష్‌కు పొండి. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఏటా మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరుగుతుంది. 1938లో మొదలైంది. కశ్మీర్ వాళ్ళ శాలువాల దుకాణాల మధ్య తిరుగుతూ, వేడి మిర్చి బజ్జీ తింటూ నడుస్తుంటే చలి తెలియదు. శని, ఆదివారాలు తొక్కిసలాటలా ఉంటుంది, మధ్య రోజుల్లో పొండి. డిసెంబర్ చివర్లో బుక్ ఫెయిర్ ఉంటుంది. పొద్దున్నే లేవగలిగితే పాతబస్తీలో నహారీ, పాయా ఈ కాలంలో తింటేనే దాని విలువ తెలుస్తుంది.

ఆదివారం ఊరి వైపు పోవాలంటే?

ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సు, ఆరాంఘర్‌లో మహబూబ్‌నగర్ బస్సు దొరుకుతాయి. రెండూ పట్నం నుంచి సుమారు 100 కిలోమీటర్లే. పొద్దున పోయి రాత్రికి రావచ్చు.

నల్గొండ వైపు నాకు అన్నిటికంటే ఇష్టమైంది పానగల్లు. ఊరి పక్కనే ఉదయసముద్రం. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. అక్కడే కందూరు చోళుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలబడుతుంది. ముందున్న స్తంభాల మధ్య నుంచి వెలుగు వేరువేరు దిక్కుల్లో రావడం వల్ల అలా పడుతుందంటారు. మే నెలలో ఆ రాళ్ళ మీద కాలు పెట్టలేం. డిసెంబర్‌లో గంటసేపు చెప్పుల్లేకుండా కూర్చోవచ్చు. భువనగిరి ఏకశిల గుట్ట, దేవరకొండ కోట ఎక్కాలన్నా ఇదే కాలం. నాగార్జునసాగర్ ఎటూ ఉండనే ఉంది.

పాలమూరులో పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ళదని చెప్పే ఆ మర్రిచెట్టు మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చెదలు తినేసిన కొమ్మలకు మరుసటి ఏడాది సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడారు. పిల్లల్ని ఆ ఊడలు పట్టి ఊగనివ్వకండి. మన్యంకొండ జాతర మాఘ పౌర్ణమి రోజుల్లో వస్తుంది. నల్గొండ వైపు చెర్వుగట్టు బ్రహ్మోత్సవాలు రథసప్తమికి. ఇవన్నీ మనవాళ్ళు పంట చేతికొచ్చాక, ఎండ ముదరకముందు పెట్టుకున్న జాతరలు.

రెండు రోజులుంటే నల్లమల పొండి. మన్ననూరులో రాత్రి చలి నిజంగా చలిలా ఉంటుంది. అమ్రాబాద్ అడవిలోంచి పోయే శ్రీశైలం రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, అది చూసుకుని బయలుదేరండి. ఎటు పోయినా పొద్దు పొడవక ముందు హైవే ఎక్కకండి. చెరువుల పక్కన మంచు కమ్మితే ముందు ఆగి ఉన్న లారీ కూడా కనబడదు.

సంక్రాంతికి ఊరికి పోలేకపోతే?

భోగి రోజు బిల్డింగ్ ముందు చిన్న మంట వేయండి. ప్లాస్టిక్, టైర్లు అందులో వేయనివ్వకండి. సెల్లార్ ముందు సిమెంట్ నేల మీద అయినా ముగ్గు వేయండి, ముందు తడిపితే పిండి నిలుస్తుంది. పతంగులు టెర్రస్ మీద ఎగరేయనివ్వండి, మాంజా మాత్రం నూలుదే కొనండి. నైలాన్ మాంజా మీద నిషేధం ఉంది, అది బండ్ల మీద పోయేవాళ్ళ గొంతులు కోస్తోంది, పక్షుల రెక్కలు కోస్తోంది.

మనం ఆనందిస్తుంటే ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళ సంగతేంటి?

ఈ ప్రశ్న నన్ను ఒక్కరే అడిగారు, మా అమ్మాయి. అప్పటి నుంచి ఇది ఇక్కడ ఉండాల్సిందే అనుకున్నాను.

పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాలువలు, ఎత్తైన భవనాలు మనవాళ్ళు కట్టారు. ఇప్పటికీ కట్టే బిల్డింగ్ కిందే రేకుల షెడ్డులో, పిల్లలతో పడుకునే కుటుంబాలున్నాయి. రేకు రాత్రి మంచుగడ్డలా చల్లబడుతుంది, కింద కాంక్రీటు చలి. వాళ్ళకు పాత బట్టల మూట కంటే మంచి మందపాటి దుప్పటి, కింద పరుచుకోవడానికి ఒక చాప ఎక్కువ అవసరం. మా బిల్డింగ్ వాళ్ళం నవంబర్‌లోనే డబ్బులు వేసుకుని కొత్తవి కొంటాం. జనవరిలో ఇస్తే చలి సగం అయిపోయి ఉంటుంది. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీయం. మీది ఏ ఊరని అడుగుతాం. చాలాసార్లు అది మా అత్తగారి ఊరికి పది కిలోమీటర్లలోనే ఉంటుంది.

చలి ఎప్పటి దాకా ఉంటుంది?

సంక్రాంతికి సంకలెత్తనియ్యని చలి, శివరాత్రికి శివశివా అని పోతుందని మనవాళ్ళ మాట. రథసప్తమి నాడు జిల్లేడాకులు, రేగుపండ్లు తల మీద పెట్టుకుని స్నానం చేసేసరికే ఎండ చురుక్కుమంటుంది. ఆ వారంలోనే స్వెటర్లు ఉతికి, గొంగళ్ళు, బొంతలు రెండు రోజులు గట్టి ఎండలో వేయండి. మడతల్లో ఎండిన వేపాకు పెట్టి, పాత నూలు చీరలో చుట్టి పైన పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో కట్టకండి, తడి పడుతుంది. మా అత్తమ్మ కట్టిన మూట మళ్ళీ కార్తీకంలో విప్పితే, వేప వాసనతో పాటు పోయినేడు ఎండ వాసన కూడా వస్తుంది.